మిట్ట మీద గుంజ దిగలేదు

జహీరాబాద్ వెళ్తున్నానని చెబితే మా ఎదురింటావిడ "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అంది. ఏమీ లేదనే చెప్పాను. కోట కోసమో కొండ కోసమో వెళ్లేవాళ్లకి తిరిగొచ్చి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నన్ను రమ్మన్నది అక్కడ చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలకి గాలివానల జాగ్రత్తలు చెప్పడానికి. నాలుగు రోజుల పని. ఒకప్పుడు నాతో పనిచేసిన అమ్మాయి ఇప్పుడు ఆ జిల్లాలో ఉద్యోగం చేస్తోంది. ఎవరో అడిగితే నా పేరు చెప్పింది.

నా గురించి రెండు ముక్కలు. మాది బాపట్ల. ముప్పై ఏళ్లు తుఫాను హెచ్చరికల గదిలో టెలిఫోను ముందు కూర్చున్నాను. గాలి లేచిందంటే ఊరూరికీ ఫోన్లు చేసి, లోతట్టున ఉన్నవాళ్లని లేపి మెరక మీదికి పంపడమే నా పని. నా గొంతు వింటేనే జనం మూట కట్టేవాళ్లని మావాళ్లు ఆటపట్టించేవారు. రిటైరయ్యాక ఆ గొంతుతో పని పడలేదు. మా ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. వరండాలో రెండు పేము కుర్చీలున్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను, రెండోదాంట్లో పాత పేపర్లు కూర్చుంటాయి. మబ్బు పట్టినప్పుడు "గొడుగు పట్టుకెళ్లండి" అని చెప్పడానికి కూడా మనిషి లేని ఇంట్లోంచి ఎవరో పిలిచారంటే, నిజం చెప్పాలంటే, ఎగిరి గంతేశాను.

బస్టాండు ఎదురుగా

మార్చి మొదటి వారం. హైదరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు మీద బస్సు పోతుంటే కొత్త ట్రాక్టర్లు లారీలెక్కి ఎదురొస్తున్నాయి. ఇంకా మట్టి తొక్కని చక్రాలు. వాటి వెనక చెరుకు బళ్లు, అల్లం బస్తాల ఆటోలు. దిగేసరికి నన్ను తీసుకెళ్తానన్న ఆ ఉద్యోగం అమ్మాయి రాలేదు. ఏదో శిక్షణకి పంపారట, నాలుగు రోజులూ ఉండనని ఫోన్లో చాలా బాధపడింది. పోన్లెమ్మా అన్నాను కానీ, బస్టాండులో సంచీ పక్కన పెట్టుకుని ఎటూ కదలకుండా నిలబడిపోయాను. ఆ అమ్మాయితో కూర్చుని రెండు పూటలు కబుర్లు చెప్పుకోవచ్చనే కదా సగం సంబరం.

లాడ్జిలో గుమస్తా "ఒక్కలేనా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి నాకు చిర్రెత్తింది. ఒక్కదాన్నే, మంచం కింద కూడా ఎవరూ లేరు అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక తాళం ఇచ్చాడు.

సాయంత్రం ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో జొన్నరొట్టె తిన్నాను. రొట్టె ఇరవై రూపాయలు, పుంటికూర పప్పు విడిగా ముప్పై. పుంటికూర అంటే మన గోంగూరే, పేరు మారింది, పులుపు మారలేదు. మనకి అన్నం వడ్డించినట్టు వీళ్లు రొట్టె వడ్డిస్తారు, ఒకటి అయ్యేలోగా వేడిగా మరొకటి. చేతుల మధ్య తడుతూ రొట్టె చేస్తున్న ఆవిడ, నేను పచ్చిమిర్చి తొక్కు చూసి మన పచ్చడే కదా అని పెద్ద ముద్ద పెట్టుకోవడం గమనించినట్టుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగి దగ్గు పట్టుకోగానే బెల్లం ముక్క తెచ్చి అరచేతిలో పెట్టింది. "జర మెల్లగ తిను అమ్మా" అంది. ఆ రోజు మొత్తంలో నాకోసం ఒకరు అన్న మాట అదొక్కటే. అందుకే గుర్తుంది.

వాగులో పదకొండు గుడిసెలు

మర్నాడు మధ్యాహ్నం, ఆ అమ్మాయి తనకి బదులుగా పంపిన మార్తమ్మ వచ్చింది. ఆమెది న్యాల్‌కల్. ఊళ్లల్లో బాలింతలకీ పసిపిల్లలకీ మందులిచ్చే ఆరోగ్య కార్యకర్త. తల్లిది బీదర్ వైపు కావడంతో కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ నోట్లో ఉంటాయి. నలభై అయిదేళ్లుంటాయి. కొంగు బొడ్లో దోపుకుని ఆటోవాడితో బేరమాడే తీరు చూసి, ఈమె మా గదిలో ఉంటే సగం తుఫానులు భయపడి వెనక్కి పోయేవనుకున్నాను.

మొగుడంపల్లి రోడ్డు మీద అయిదారు మైళ్లు పోయి మట్టిబాట పట్టాం. ఎర్రనేల మిట్టలు, మధ్యలో పల్లంలో చెరుకు. ఒక ఎండిన వాగు పక్కనే, ఇంకా చెప్పాలంటే వాగు ఒళ్లోనే, పదకొండు గుడిసెలున్నాయి. వెదురు తడకలు వంచి పైన ప్లాస్టిక్ పట్టా కప్పినవి. వీటిని కోపి అంటారు. దసరా దాటాక వచ్చి ఉగాది దాకా అందులోనే. మూడు గంటలకి చెరుకు కొట్టడం ముగించి ఆడవాళ్లు అప్పుడే తిరిగొస్తున్నారు, ఎడ్లకి వేసేందుకు చెరుకు ఆకు మోపులతో.

వాళ్ల లెక్క ఒకటి నాకు కొత్త. చెరుకు కొట్టే కత్తిని కోయ్తా అంటారు. భార్యాభర్తలిద్దరినీ కలిపి కూడా ఒక కోయ్తా అనే అంటారు. ఈ గుంపులో పదకొండు కోయ్తాలు, అంటే ఇరవై రెండు మంది పెద్దవాళ్లు. మొగుడో పెళ్లామో పోయి ఒంటరిగా వచ్చిన మనిషైతే సగం కోయ్తా. ఆ మాట మార్తమ్మ చెబుతుంటే నవ్వేశాను. మరి నేనూ అంతే కదా అన్నాను. మార్తమ్మ నవ్వలేదు.

మాతో మాట్లాడింది సఖుబాయి. ముప్పై అయిదేళ్ల మనిషి, లాతూరు వైపు. ఎనిమిదేళ్లుగా ఇదే వాగులోకి వస్తోంది కాబట్టి తెలుగు వచ్చు. ఆమె భర్త దగడూకి అంత రాదు, అతను ఎడ్లతోనే మాట్లాడతాడు. ధవళ్యా, మోత్యా. తెల్లటి జోడీ. గుంపు మొత్తంలో సొంత ఎడ్లబండి ఉన్నది వీళ్లకే. కొట్టిన చెరుకు ఫ్యాక్టరీకి తోలేది ఈ జోడీయే. సఖుబాయి వచ్చీ రాగానే రెండు గుంజల మధ్య పడుకున్న ఎడ్ల మెడ కింద గోకి, తర్వాతే మా దగ్గర కూర్చుంది. నాకు రొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. తినకుండా కోపిలోంచి మనిషిని పంపరట.

నేను మాత్రం రొట్టె తింటూ వాగు వంకే చూస్తున్నాను. అలవాటైన కన్ను. గట్టుకి ఎంత ఎత్తున చెత్త పట్టుకుని ఉందో చూశాను. ఏదో ఒక ఏడు నీళ్లు నడుము దాకా వచ్చినట్టు ఆనవాలుంది. ఈ పల్లంలో పసిపిల్లలతో పడుకుంటున్నారు. మా వైపైతే ఇలాంటి చోట కోళ్ల గూడు కూడా కట్టనివ్వం. అదే చెప్పాను. పైన మిట్ట మీద అంత బీడు ఖాళీగా ఉంటే ఇక్కడెందుకు, అకాల వానలు పడే రోజులు, వెంటనే పైకి మారండి అన్నాను. పాత గొంతు దానంతట అదే వచ్చేసింది.

సఖుబాయి నెమ్మదిగా చెప్పింది.

"నీళ్లైతే చెప్పి వస్తయ్ మేడం. ముందు ఇసుక తడుస్తది. ఎడ్లు లేచి నిలబడ్తయ్. లేచి పోవాలంటే మనకు టైం ఉంటది. మీదికెళ్లి వచ్చేది చెప్పి రాదు. మా ఆడబిడ్డ మిట్ట మీద శనగ చేన్ల ఉండె. ఒక్క ఉరుము ఇన్నం. గంతే."

నేను తలూపాను. వినకుండా తలూపే పద్ధతి ఒకటుంటుంది, ఆఫీసుల్లో బాగా అబ్బుతుంది, ఆ ఊపు. ఎప్పుడో ఒకసారి ఎవరికో జరిగిందని ఏటేటా వచ్చే ముప్పుని మర్చిపోతారు జనం, ఇది ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే అనుకున్నాను. బయటికొచ్చి నోటు పుస్తకంలో రాసుకున్నాను: "ప్రమాదంపై అవగాహన లోపం." కింద గీత కూడా గీశాను.

అంతటితో ఊరుకున్నానా? ఆ పొలం ఆసామి యాదిరెడ్డిగారి ఇంటికి వెళ్లాను. పెద్దమనిషి, మంచివాడు, అల్లం టీ ఇప్పించాడు. వాగు నిండి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అయినా చదువుకున్న మనిషి అంత దూరం నుంచి వచ్చి చెబుతోంది కదా అని మిట్ట మీద బీడులో వేసుకోమని ఫోన్లో చెప్పేశాడు. నాకు ఎంత గర్వమనిపించిందో ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆడదు.

తిరిగొస్తుంటే ఆటోలో అడిగాను, సఖుబాయి చివరికి ఒప్పుకుందా అని.

"ఒప్పుకోలేదు మేడం," అంది మార్తమ్మ. "కాదనలేదు, గంతే. పటేలు చెప్పినంక కాదంటే రేపు ఆ వాగుల గూడ ఉండనియ్యడేమోనని ఫికరు వాళ్లకు."

ఈ మాట విన్నాను. ఇంటికి కబురు చెయ్యనక్కర్లేని మనిషిని, చేతిలో ఇంకా రెండు రోజులున్నాయి, వెనక్కి తిప్పి ఆటోని మళ్లీ అక్కడికి పోనివ్వమనొచ్చు. పోనివ్వమనలేదు.

మిట్ట మీద

మూడోరోజు పొద్దున వాళ్లు మకాం మార్చడం దగ్గరుండి చూశాను. ఆ పూట కూలి పోయింది, ఎవరూ గొణగలేదు. పట్టాలు, సత్తు గిన్నెలు, రుబ్బురాయి, చెరుకు ఆకుల మీద పడుకోబెట్టిన పసిపిల్ల, అన్నీ బండెక్కాయి. ధవళ్యా, మోత్యా మూడుసార్లు పైకీ కిందకీ తిరిగాయి. మిట్ట మీద గాలి బాగుంది. నాలుగు పక్కలా దూరం దాకా కనబడుతుంది. మా వైపు తుఫాను షెల్టరు ఇలాంటి చోటే కడతారు. మనసులో అనుకున్నది పైకే అన్నాను.

చిక్కంతా గుంజల దగ్గరొచ్చింది. కింద ఇసుక కలిసిన ఒండ్రులో రెండు దెబ్బలకి దిగిపోయే గుంజ, ఇక్కడి ఎర్రరాతి నేలలో బెత్తెడు కూడా దిగలేదు. దగడూ చెమటలు కక్కుతూ కొట్టాడు. ఒక గుంజ నిలువునా చీలింది. రెండోది పక్కకి జారి ఊడిపోయింది. ఎడ్లు వదిలేస్తే ఆనుకుని ఉన్న చెరుకులో పడతాయి, పడితే మాటొస్తుంది. అతను గుంజ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

బీడు చుట్టూ ఇనప తీగ కంచె ఉంది, ఇనప స్తంభాలు పాతి. "ఆ కంచెకి కట్టెయ్యండి" అన్నాను.

సఖుబాయి కంచె వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. దగడూ కట్టాడు.

ముప్పై ఏళ్లలో నేను జనానికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, గాలి లేచినప్పుడు పశువుల పలుపులు విప్పేయండి అని. అదే నోటితో ఇది చెప్పాను.

న్యాల్‌కల్‌లో వడగళ్లు

మధ్యాహ్నం మార్తమ్మ వాళ్లింటికి భోజనానికి తీసుకెళ్లింది. న్యాల్‌కల్ దగ్గరికొచ్చేసరికి నేల నల్లబడుతుంది. శనగ పీకేసిన చేలు, కుసుమలు ముళ్లతో నిలబడి ఉన్నాయి. ఒకటి రెండు ఊళ్లు దాటితే కర్ణాటక. దుకాణాల బోర్డులు కూడా అక్కడికక్కడ లిపి మార్చుకుంటాయి. వాళ్లకి ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు, మాంసం వండరు. జొన్నరొట్టె, శనగాకు కూర, కుసుమ నూనె పోసిన కారం. నాకు మాత్రం అన్నం వండించింది. అన్నం లేకపోతే నేను నిద్రపోనని ఎవరు చెప్పారో. వాళ్లాయన, అత్త, ఇద్దరు కూతుళ్లు, అందరూ ఒకేసారి మాట్లాడే ఇల్లు. అలాంటి ఇంట్లో కూర్చుంటే నాకు ఒకపక్క హాయిగానూ, ఇంకోపక్క తొందరగా లేచి వెళ్లిపోవాలనీ ఉంటుంది.

చేయి కడుగుతుండగా పడమట మబ్బు లేచింది. నా ఫోను గట్టిగా మోగింది, రాగల మూడు గంటల్లో పిడుగులు, వడగళ్లు పడతాయని తెలుగులో సందేశం. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. రేకుల మీద కంకర కుమ్మరించినట్టు వడగళ్లు. ఉసిరికాయలంతవి. పిల్లలు గిన్నెల్లో పట్టుకుని కేరింతలు కొడుతున్నారు. అత్తగారు ఇంట్లోంచి కొడవలి తెచ్చి వాకిట్లోకి విసిరింది. ఇనుము వేస్తే తగ్గుతుందట. మెరుపులు చూస్తూంటే నాకు మొదటిసారి సఖుబాయి మాట వినబడింది. చెప్పినప్పుడు కాదు, అప్పుడు.

దగడూ నంబరుకి ఫోను చేశాను. మోగలేదు. మళ్లీ చేశాను. మార్తమ్మ చేసింది. యాదిరెడ్డిగారిదీ పలకలేదు. మా గదిలో మాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఏడ్చే ఊరు ఫర్వాలేదు, ఫోనెత్తని ఊరంటేనే భయపడాలి. ఎన్నోసార్లు అలాంటి రాత్రులు కూర్చున్నాను. కానీ అప్పుడు పక్క కుర్చీలో ఎవరో ఒకరుండేవారు, ఏం కాదులేండి అనడానికి. మార్తమ్మ నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసింది. నాకు రాని ప్రార్థన. ఆమె ఆపేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను.

వాన వెలిసేసరికి చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. తెల్లారాకే బయల్దేరగలిగాం.

కారణం అనే గడి

మిట్ట మీద కంచె పక్కన మోత్యా కాళ్లు చాచి పడి ఉంది. తెల్లటి ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు. మెడలో పలుపు ఇంకా ఇనప స్తంభానికే ఉంది.

మనుషులంతా బతికే ఉన్నారు. అది మొదట చూశాను, లెక్కపెట్టాను, ఇరవై రెండు మంది, పిల్లలు. అప్పుడు కూర్చున్నాను నేల మీద.

జరిగింది సఖుబాయే చెప్పింది. మొదటి ఉరుముకే అందరినీ గుడిసెల్లోంచి లేపింది. బీడు అంచున మట్టి తవ్వుకెళ్లిన గుంటలోకి దింపి, పాదాలు దగ్గరపెట్టి ముడుచుకుని కూర్చోమంది, పడుకోనివ్వలేదు. కోయ్తాలన్నీ దూరంగా విసిరేయించింది. ఆడబిడ్డ పోయిన తర్వాత వాళ్ల ఊళ్లో నేర్చుకున్న సంగతులట. వడగళ్లకి పిల్లల నెత్తిన సత్తు గిన్నెలు కూడా పెట్టనివ్వలేదు, చెరుకు ఆకు కట్టలు పెట్టింది. దగడూ మాత్రం ఎడ్ల కోసం పరిగెత్తాడు. ధవళ్యాని విప్పాడు. మోత్యా పలుపు తడిసి ముడి బిగిసింది. పిడుగు అక్కడ పడనే లేదు, ఎక్కడో కంచె ఆ చివర పడింది. తీగ వెంట వచ్చింది.

"అంత తెల్లగ అయింది మేడం. లేచి చూస్తే ఇద్దరూ పడి ఉన్నరు. ఈయన లేచిండు," అంది.

దగడూకి కుడి చెవి వినబడటం లేదు. ఆ వైపు దారి తెరిచే ఉంది, రాత్రే దవాఖానకి పోయొచ్చాడు, పగిలిందన్నారట. నన్ను చూసి ఫోను తీసి చూపించాడు. నాకొచ్చిన సందేశమే అతనికీ వచ్చింది, అదే తెలుగులో. అతనికి చదవడం వచ్చింది మరాఠీ ఒక్కటే. రీఛార్జి అయిపోయిందని వచ్చిందేమో అనుకున్నాడట.

మరి వాగు? వెళ్లి చూశాను. వచ్చింది. వాళ్ల పాత పొయ్యిరాళ్ల మీదుగా, మోకాలి కిందకే, బూడిద ఎత్తుకుని పోయింది. ఇసుక గంట ముందే తడిసిందట. పైనుంచి చూస్తూనే ఉన్నారు.

ఎవరైనా నన్ను తిడితే బాగుండేది. నేనే అన్నాను సఖుబాయితో, నా వల్లే అని. ఆమె మోత్యా మెడలోంచి పలుపు విప్పుతోంది.

"నువ్ మంచికే చెప్పినవ్ మేడం," అంది. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

పది గంటలకి నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి మోటారు సైకిలు మీద వచ్చాడు. మర్యాదస్తుడే, ఎద్దుకి దణ్ణం కూడా పెట్టాడు. వివరాలు అడిగాడు. వీళ్ల కార్డులన్నీ లాతూరువి. ఎద్దు చెవికి ఉన్న బిళ్ల కూడా అక్కడిదే. ఇక్కడ చచ్చింది కాబట్టి అక్కడివాళ్లు ఇవ్వరు, అక్కడిది కాబట్టి ఇక్కడ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అయినా రాసి పంపుతాను, పైవాళ్ల ఇష్టం అన్నాడు. ఒక ఎద్దుతో బండి నడవదు. ఉగాది దాకా వేరే గుంపులోని జోడీవాళ్లని బతిమాలాలి, ఊరికి తిరిగి వెళ్లడానికి కూడా ఆ బండే. సఖుబాయికి కావలసింది ఆ కాగితం ఒక్కటి సరిగ్గా పోవడం.

అతని భుజం మీదుగా చూశాను. "కారణం" అనే గడిలో రాస్తున్నాడు: "పశువును ఇనుప కంచెకు కట్టుట. వలస కూలీల అవగాహన లోపం."

నా నోటు పుస్తకం సంచీలో ఉంది. సంచీ భుజాన ఉంది. అది అంత బరువనిపించడం అదే మొదలు.

ఆ ముక్క కొట్టెయ్యమన్నాను. అతను తలెత్తి చూశాడు.

"కంచెకు కట్టిన్రు గద మేడం. మరి ఎవల లోపం అని రాయాలె?"

"నాది రాయండి."

అలా రాయడానికి గడి లేదన్నాడు. అయితే విడిగా రాసిస్తానన్నాను. బండి చక్రం మీద కాగితం పెట్టుకుని రాశాను. ఈ కూలీలు క్షేమమైన పల్లంలోనే ఉన్నారని, మిట్ట మీదకి మారమని ఒత్తిడి చేసింది నేనని, పిడుగు ముప్పు సంగతి సఖుబాయి ముందే చెప్పిందని, విననిది నేనని, కంచెకి కట్టమన్నదీ నేనేనని. కింద సంతకం, బాపట్ల చిరునామా, చేసిన ఉద్యోగం. ముప్పై ఏళ్లలో ఎన్నో నివేదికలు టైపు చేశాను, అన్నిట్లోనూ తప్పు గాలిదో జనానిదో. నా పేరు రాయడం ఇదే మొదటిసారి. అతను చదివి, తన కాగితంలో ఆ వాక్యం కొట్టేసి, నాది దానికి గుచ్చాడు. దీనివల్ల మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో చెప్పలేనన్నాడు. నాకూ తెలియదన్నాను.

సఖుబాయి నేనేం రాశానో అడిగింది. మార్తమ్మ మరాఠీలో మొత్తం చెప్పింది. ఆమె విని, దగడూ మంచి చెవి దగ్గర మళ్లీ చెప్పింది. అతను నావైపు చూసి తలూపాడు. విని ఊపిన తల.

ఇసుకలో

యాదిరెడ్డిగారు మట్టి తవ్వే మిషను పిలిపించి గొయ్యి తీయించాడు. సఖుబాయి మోత్యా నుదుటికి పసుపు రాసి, నోటి దగ్గర ఒక రొట్టె పెట్టింది. తర్వాత అందరూ ఏమీ మాట్లాడకుండా పట్టాలు విప్పి మళ్లీ వాగులోకి దిగారు. ఈసారి వాళ్ల గిన్నెలు నేను కూడా మోశాను. ఒక గిన్నె జారవిడిచాను కూడా.

బయల్దేరే ముందు చెప్పిపోదామని వెళ్లాను. సాయంత్రం నాలుగైంది. దగడూ ఒండ్రులో గుంజ కొడుతున్నాడు. రెండు దెబ్బలకే దిగింది. ధవళ్యాని దానికి కట్టాడు. తర్వాత రెండడుగులు జరిగి ఇంకో గుంజ తీసుకుని, అదీ కొట్టాడు, గట్టిగా, ఊపి చూసి మరీ. మోత్యా పలుపు తెచ్చి దానికి చుట్టి వదిలేశాడు.

ఎద్దు ఒకటే కదా, రెండోది ఎందుకని సఖుబాయిని అడిగాను. ఇంకో ఎద్దు దొరికిందేమో అని ఒక ఆశ.

"లేదు మేడం. పక్కకు గుంజ లేకుంటే ఇది పండుకోదు. రాత్రంత నిలబడే ఉన్నది."

ధవళ్యా ఆ రెండో గుంజని వాసన చూసింది. ముట్టె దానికి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత ముందుకాళ్లు మడిచి కూర్చుంది.

సఖుబాయి నాకు దారికి రెండు రొట్టెలు గుడ్డలో కట్టిచ్చింది. రేపు వాన వస్తుందా అని అడిగింది. బతుకంతా నేను జవాబు చెప్పిన ప్రశ్న. నువ్వేమనుకుంటున్నావని అడిగాను. ఆమె వంగి ఇసుకలో చెయ్యి పెట్టి చూసి, రాదంది. రాలేదు కూడా.

కాగితం సంగతి ఇంకా తెలియలేదు. మార్తమ్మ వారానికోసారి ఫోను చేస్తుంది. ఆ వైపు నుంచి ఏదైనా నంబరు మోగితే రెండో మోతలోపే ఎత్తుతున్నాను. ఇంటికొచ్చిన సాయంత్రం సంచీ కూడా విప్పకుండా వరండాలోకి వెళ్లి, రెండో కుర్చీలోని పాత పేపర్లు తీసి కింద పెట్టాను. కుర్చీ తుడిచి, నా కుర్చీ పక్కకి జరిపాను. తర్వాత కూర్చున్నాను.